మౌంజారో 5కి పెంచాక ఒకటే వాంతులు, ఎట్ట తగ్గుద్ది?

నెల్లూరు అబ్బాయి:
మాది నెల్లూరు, షుగరుంది, బరువు 108 కేజీలు. షుగరుకి, బరువుకి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్ మౌంజారో 2.5 ఎంజీ నాలుగు వారాలు బానే జరిగింది, మొన్న శుక్రవారం 5 వేసుకున్నా, శనివారం నుంచి కడుపులో ఒకటే తిప్పుడు. ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసు ఎప్పట్లాగే రెండు సార్లు వడ్డించుకుని తిన్నా, అర్ధరాత్రి లేచి మొత్తం వాంతి, పులుసులో మామిడికాయ ముక్క అరగకుండా అట్టనే పడింది. తేన్పు వస్తే కుళ్లిన గుడ్డు వాసన. మోషన్‌కి పోయి మూడు రోజులైంది. ఇంజెక్షన్ ఆపేయాలా?

కావలి అక్క:
తమ్ముడూ, నాకూ 5కి మారినప్పుడు రెండు వారాలు ఇంతే. ఈ మందు పొట్టలోంచి తిండి కిందికి దిగడాన్ని నిదానం చేస్తాది, అందుకే మధ్యాహ్నం ముక్క అర్ధరాత్రికీ అక్కడే ఉంది, నువ్వేమో పాత లెక్కనే వడ్డించుకుంటివి. నేను టిఫిన్ ప్లేటులో అన్నం పెట్టుకుని మెల్లగా తింటా, ఇంకో ముద్ద పడుద్ది అనిపించేటప్పుడే లేస్తా, మిగిలిందని తినబాక. ఇంజెక్షన్ వేసుకున్న మూడు రోజులు వేపుళ్లు, కారం దోసె ముట్టను, ఇడ్లీ, మజ్జిగన్నం, పల్చటి పప్పు అంతే. చేప మానబళ్లా, పైన తేలే నూనె తీసేసి ఒక ముక్క తిను. గుడ్లు, సోడా ఆపాక నాకు ఆ తేన్పులు తగ్గినయ్. తిన్నాక మూడు గంటలు పడుకోబాక.

ఒంగోలు మెడికల్ షాపు:
ఈ మందు మన దేశంలోకి 2025 మార్చిలో వచ్చింది, షాపులో ఈ మాట చాలామంది అడుగుతున్నారు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపి గుటక గుటక తాగు, గటగటా తాగితే మళ్లీ వాంతి అయిద్ది. మోషన్ అయ్యేందుకు వాడే ఇసబ్‌గోల్ పొట్టు వాంతులు ఆగాకే, గ్లాసు నిండా నీళ్లతో, లేకపోతే ఇంకా బిగుసుకుపోద్ది. ముఖ్యంగా షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడుతున్నావా? తిండి లేకుండా అవి వేసుకుంటే షుగర్ పడిపోద్ది, ఈరోజే డాక్టర్‌కి ఫోన్ చెయ్. 5 మీదే ఉండాలా 2.5కి తగ్గాలా ఆయనే చెప్పాలి, కడుపు కుదురుకోకుండా 7.5కి మాత్రం పోబాక. పై కడుపులో నొప్పి ఆగకుండా వీపులోకి పాకినా, నీళ్లు కూడా నిలవకపోయినా, ఒంటేలు బాగా తగ్గినా, కడుపు ఉబ్బి గాలి కూడా పోకపోయినా రాత్రైనా సరే ఆస్పత్రికి పో, అది క్లోమం వాపో పేగు అడ్డమో కావచ్చు.

నెల్లూరు అబ్బాయి:
అన్నా, గ్లిమిపిరైడ్ రోజూ పొద్దున వేసుకుంటా ఉన్నా, ఈ సంగతి నాకు తెలియనే తెలియదు. డాక్టర్‌కి ఫోన్ చేశా, ఆ మాత్ర ఆపి రేపు పొద్దున రమ్మన్నారు. నొప్పైతే లేదు. ఇందాక ఉప్పేసిన గంజి అర గ్లాసు తాగా, గంటైంది, నిలిచింది.