ఏపీఐలు నేర్చుకోవడానికి తెలుగు వీడియోలు చాలవా?

గడియారం సెంటర్ (నల్గొండ):
డిగ్రీ అయిపోయింది, తెలుగు మీడియం. మూడు నెలలు యూట్యూబ్‌లో తెలుగు వీడియోలు చూసి హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ నేర్చుకున్నా. ఏపీఐల (మన కోడ్ వేరే సర్వర్ నుంచి డేటా అడిగి తెచ్చుకునే దారి) దగ్గర ఆగిపోయా. అమీర్‌పేట పోదామంటే ఫీజు, హాస్టల్ ఖర్చు ఇంట్లో అడగలేను. మొజిల్లా వాళ్ల ఎండీఎన్ (వెబ్ కోడింగ్ వివరాలుండే సైట్) చదవమని ఫ్రెండ్ అంటాడు. ఆ ఇంగ్లీషు చూస్తేనే టెన్షన్. వీడియోలతో గట్టెక్కలేమా?

పాలమూరు అక్క:
ఎందుకు గట్టెక్కలేవు తమ్మీ? జావాస్క్రిప్ట్‌లో ప్రామిస్ (జవాబు తర్వాత వస్తుందన్న హామీ) అంటే ఏంటో ఇంగ్లీషులో నాలుగుసార్లు చదివినా నాకు ఎక్కలేదు. తెలుగు వీడియోలో ఐదు నిమిషాల్లో తెలిసింది.

మిర్యాలగూడ అన్న:
నేనూ వీడియోలతోనే మొదలుపెట్టా అక్కా. ఫెచ్ (సర్వర్‌ను డేటా అడిగే కమాండ్) కింద క్యాచ్ (తప్పు జరిగితే పట్టుకునే కోడ్) పెడితే తప్పులన్నీ అందులో పడతాయన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సర్వర్ 404 (అడిగింది దొరకలేదు) ఇస్తోంది, నా క్యాచ్ ఉలకదు పలకదు. రెండు రాత్రులు పోయాయి. ఎండీఎన్ ఫెచ్ పేజీలో సూటిగా ఉంది: సర్వర్ ఏ జవాబిచ్చినా ప్రామిస్ నెరవేరినట్టే. నెట్ పోవడం లాంటివి జరిగితేనే క్యాచ్‌లోకి వస్తుంది.

మన దగ్గర మిల్లు ముందు వడ్ల ట్రాక్టర్‌తో టోకెన్ పట్టుకుని నిలబడతాం కదా. నంబరు పిలిచారు, తేమ ఎక్కువుందని తిప్పి పంపారు. పిలిచారు కాబట్టి టోకెన్ పని, అంటే ప్రామిస్ పని, అయిపోయింది. వడ్లు కొన్నారా లేదా అన్నది వేరే చూసుకోవాలి. కోడ్‌లో అలా చూసుకునేదే రెస్పాన్స్.ఓకే. స్టేటస్ (సర్వర్ జవాబుతో పంపే నంబరు) 200 నుంచి 299 లోపు ఉంటేనే అది ట్రూ.

పాలమూరు అక్క:
చూశావా, నువ్వూ తెలుగులోనే చెప్పాల్సి వచ్చింది!

మిర్యాలగూడ అన్న:
ఒప్పుకున్నా. కానీ ఆ సంగతి నాకు దొరికింది ఎండీఎన్‌లో. తమ్మీ, పేజీ మొత్తం చదవకు. ఉదాహరణ కోడ్ తీసుకుని నడిపించు, ఎక్కడ ఆగితే ఆ ముక్కే చదువు. కోడింగ్ నేర్పే ఫ్రీకోడ్‌క్యాంప్ సైట్ కూడా ఉచితమే. అక్కడ నువ్వు కోడ్ సరిగ్గా రాస్తే తప్ప తర్వాతి మెట్టు ఎక్కనివ్వదు. వీడియో అయితే అన్నం తింటూ కూడా చూసేయొచ్చు.

దేవరకొండ బస్సు:
ల్యాప్‌టాప్ లేనోళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం?

గడియారం సెంటర్:
నాకూ లేదు, ఫ్రెండ్‌ది అడిగి తెచ్చుకున్నా. జేసన్‌ప్లేస్‌హోల్డర్ అని ప్రాక్టీసుకు ఉచిత ఏపీఐ ఉంది, అందులో 100 పోస్టులే ఉంటాయి. కావాలనే 500వది అడిగా. అన్న చెప్పినట్టే క్యాచ్ కదల్లేదు. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే ఎర్రగా 404. రెస్పాన్స్.ఓకే చూసే ఇఫ్ (షరతు) ఒకటి పెట్టాక దారికొచ్చింది. అక్కా, ఆ ఐదు నిమిషాల వీడియో లింకు కూడా పెట్టు.