పాట్ సమ్మిట్ 1,098 గెలుపుల లెక్క ఎలా?

ప్రశ్న: అమెరికాలోని టెనెసీ యూనివర్సిటీ మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్‌గా సమ్మిట్ 1974లో చేరారు. మహిళలకు ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) టోర్నమెంట్ మొదలైంది 1982లో. మరి అంతకు ముందు గెలిచినవి కలుస్తాయా?

జవాబు: కలుస్తాయండి. అప్పట్లో మహిళల కాలేజీ పోటీల్ని ఏఐఏడబ్ల్యూ అనే వేరే సంఘం నడిపేది. మొత్తం 38 సీజన్లు, 1,098 గెలుపులు, 208 ఓటములు, అంటే 84 శాతం. టైటిళ్లు 8, అన్నీ ఎన్‌సీఏఏవే, మొదటిది 1987లో. 13 ఏళ్లు ఆగాలి మరి!

ఇంకో జవాబు: చేరినప్పుడు సమ్మిట్ వయసు 22, జీతం నెలకు 250 డాలర్లు. జెర్సీలు ఉతకడం, వ్యాన్ నడపడం కూడా ఆవిడ పనే. నా లెక్కలో అసలు కిటుకు ప్రాక్టీసులో ఉంది: అబ్బాయిల్ని ప్రత్యర్థులుగా నిలబెట్టేవారు. వాళ్ల ఎత్తుకీ వేగానికీ అలవాటు పడితే రీబౌండ్ (బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతి) కోసం ప్రత్యర్థికి ముందే అడ్డుగా నిలబడక తప్పదు. చిక్కేమిటంటే, అతి చేస్తే బెంచి మీది అమ్మాయిలకు ఆడే వంతు తగ్గిపోతుంది. ఆ అబ్బాయిలు అక్కడి విద్యార్థులే అయ్యుండాలి, స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు.

ప్రశ్న అడిగినవారు: రికార్డు ఇంకా ఆవిడదేనా?

జవాబు: కాదు. 2020లో స్టాన్‌ఫర్డ్ కోచ్ తారా వాన్‌డెర్వీర్ దాటారు, తర్వాత 1,216 దగ్గర ఆగారు. 2024 నవంబరులో కనెక్టికట్ కోచ్ జీనో ఆరియెమా 1,217తో ఆవిణ్ణీ దాటేశారు.