గాబ్లిన్ ఆడదామనుకుంటున్నాను, కామెడీ పీస్‌లాగ మాత్రం కాదు

కోటజంక్షన్:
అందరికీ నమస్తే. మేం విజయనగరంలో ఆదివారాలు డీ అండ్ డీ (పాచికలేసుకుంటూ, తలో పాత్రలాగ మాటాడుతూ ఆడే కథల ఆట) ఆడతాం, కొత్త క్యాంపెయిన్ (అంటే కొత్త కథ) మొదలవుతోంది, ఈసారి గాబ్లిన్ (కథల్లో వచ్చే పొట్టి జీవి) తీసుకుందామని ఉంది, డీఎం (కథ నడిపీవోడు) కూడా ఓకే అన్నాడు. సమస్య ఏటంటే గాబ్లిన్ అనగానే మావోళ్ళకి దొంగతనాలు చేసే పిరికోడే గుర్తొస్తాడు, ఆ వెంటనే వాడికి మన యాస తగిలించేత్తారు. పోయిన క్యాంపెయిన్లో ఎల్ఫ్ రాణి పుస్తకాల తెలుగు మాటాడేది, దారి కాసిన గాబ్లిన్లేమో "ఏట్రా, ఎక్కడికెలిపోతన్నావు" అనీవోరు, అందరూ ఒకటే నవ్వులు. సినిమాల్లో మన యాసని పనోళ్ళకీ జోకులకీ వాడీసినట్టే ఇదీను. మా అమ్మ ఇంట్లో మాటాడే భాష అది, నాకైతే నవ్వు రాలేదు. వాణ్ణి ఒక మనిషిలాగ ఎలాగ ఆడాలి, ఏ క్లాస్ (పాత్రకి ఇచ్చే విద్య) అయితే బాగుంటాది, సెప్పండి. రోగ్ (చాటుమాటుగా దెబ్బ తీసే క్లాస్) అనుకుంటున్నాను.

డైస్‌డబ్బా:
రోగ్ వద్దు బ్రో. గాబ్లిన్‌కి పుట్టుకతోనే నింబుల్ ఎస్కేప్ ఉంటుంది, అంటే ప్రతి టర్న్‌లో బోనస్ యాక్షన్‌గా (అసలు పనికి తోడు ఇంకో చిన్న పనిగా) డిసెంగేజ్ (దెబ్బ తగలకుండా తప్పుకోవడం) గానీ హైడ్ (దాక్కోవడం) గానీ చేసుకోవచ్చు. రోగ్‌కి రెండో లెవెల్లో వచ్చే కన్నింగ్ యాక్షన్‌లో ఆ రెండూ ఎలాగూ ఉన్నాయి, కొత్తగా కలిసేది డాష్ (అదనంగా పరిగెత్తడం) ఒక్కటే, ఒకే బస్సుకి రెండు టికెట్లు కొన్నట్టు అవుద్ది. రేంజరో ఫైటరో తీసుకుని చూడు, బండి చాటు నుంచి బాణం వేస్తావు, అదే టర్న్‌లో మళ్ళీ దాక్కుంటావు, వాళ్ళు నిన్ను కనిపెట్టలేకపోతే తర్వాతి బాణానికి అడ్వాంటేజ్ (రెండు పాచికలేసి పెద్దది తీసుకోవడం). విజార్డ్‌కి కూడా సూపర్, మీదకొచ్చినోడి నుంచి తప్పుకుని అదే టర్న్‌లో స్పెల్ వేసీవచ్చు.

లాంగ్‌బో జోలికి వెళ్ళకు, అది హెవీ వెపన్, 2014 రూల్స్‌లో గాబ్లిన్‌లాంటి స్మాల్ సైజు వాళ్ళకి దాంతో డిసడ్వాంటేజ్ (రెండు పాచికల్లో చిన్నదే తీసుకోవాలి), షార్ట్‌బో చాలు. ఇంకోటి, ఏ వెర్షన్ గాబ్లిన్ అని డీఎంని అడుగు. 2016 దాన్లో ఫ్యూరీ ఆఫ్ ద స్మాల్ అనే శక్తి రెస్ట్‌కి (పాత్రలు విశ్రాంతి తీసుకునేదాకా) ఒక్కసారే, నీకంటే పెద్దోడి మీద నీ లెవెల్ అంత అదనపు డ్యామేజ్. 2022 దాన్లో ప్రొఫిషియెన్సీ బోనస్ (లెవెల్‌తో పాటు పెరిగే అంకె) అంత డ్యామేజ్, లాంగ్ రెస్ట్‌కి అన్నిసార్లు. అయిదో లెవెల్లో అయితే మూడు చొప్పున మూడుసార్లు. నాకు కొత్తదే నచ్చుద్ది.

నాగావళిఒడ్డు:
తమ్ముడూ, నేను శ్రీకాకుళంలో డీఎం చేస్తాను. నంబర్ల సంగతి పైనాయన చెప్పేశాడు, నేను మనిషి సంగతి చెప్తాను. డీ అండ్ డీలో గాబ్లిన్లు ఎక్కువగా తమ జాతిలోనే పెద్దవైన హాబ్‌గాబ్లిన్ల కిందో బగ్‌బేర్ల కిందో బతుకుతాయి, యుద్ధమొస్తే ముందు వరసలో తోసేది వీళ్ళనే. అలాంటి చోట పెరిగినోడికి ఏ అలవాట్లు ఉంటాయో అక్కడి నుంచి మొదలెట్టు. మా టేబుల్ మీద ఒకమ్మాయి గాబ్లిన్ ఆడింది, సత్రంలో ఎప్పుడూ తలుపు దగ్గరే పడుకునేది, గబగబా తినేసి సగం రొట్టె చొక్కాలో దాచేది, మొదటిసారి బంగారం పంచుకున్నప్పుడు "ఇది నాదేనా, మళ్ళీ అడగరు కదా" అంది. ఆ మాటకి టేబుల్ మొత్తం గమ్మునైపోయింది, ఆ తర్వాత ఆ గాబ్లిన్ మీద జోకు వెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు.

యాస గురించి, నువ్వు మానొద్దు. నీ గాబ్లిన్‌తో మన యాసే మాటాడించు, కానీ ఎల్ఫ్ రాణి, గుడి పూజారి, కోట సైన్యాధిపతి కూడా అదే యాసలో మాటాడాలని డీఎంకి గట్టిగా చెప్పు. వాడుక భాష కోసం గిడుగు రామ్మూర్తి గారు జీవితమంతా కొట్లాడిన నేల మీద కూర్చుని, రాణికి మన యాస నప్పదు అనుకోవడం ఏటి? నేను మా క్యాంపెయిన్లో అలాగే చేస్తాను, రాజు "ఏటయింది, సెప్పు" అని నెమ్మదిగా అడిగితే ఆ గొంతుకి ఎంత బరువుంటాదో ఓసారి విని చూడు. డీ అండ్ డీలోనే ఎబెరాన్ అనే కల్పిత ప్రపంచం చూడు, మనుషులు రాకముందు ఆ ఖండాన్ని ఏలింది ధకానీ గాబ్లినాయిడ్ల (గాబ్లిన్లు, వాళ్ళ చుట్టాల జాతులు) సామ్రాజ్యమే, షార్న్ నగరం కింద ఉన్నవి వాళ్ళ శిథిలాలే. అక్కడి గాబ్లిన్ ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు.

బొబ్బిలిబార్డ్:
అన్నయ్య చెప్పింది నిజమే గానీ నాదో మాట, అల్లరి గాబ్లిన్ కూడా తప్పేం కాదు. పాత్‌ఫైండర్ అని డీ అండ్ డీ లాంటిదే ఇంకో ఆట ఉంది, అందులో గాబ్లిన్లకి నిప్పంటే పిచ్చి, పాటలంటే పిచ్చి, కుక్కలన్నా గుర్రాలన్నా పడదు, రాస్తే బుర్రలోంచి మాటలు దొంగిలించేత్తారని వాళ్ళ నమ్మకం. అయినా 2019లో వచ్చిన సెకండ్ ఎడిషన్‌లో ఎల్ఫ్, డ్వార్ఫ్‌ల పక్కనే గాబ్లిన్‌ని కోర్ యాన్సెస్ట్రీగా (ఆటగాళ్ళు ఎంచుకునే ముఖ్యమైన జాతిగా) పెట్టారు, కరిజ్మా (ఆకట్టుకునే గుణం) బూస్ట్ కూడా ఇచ్చారు. నవ్వించడం వేరు, నవ్వులపాలవడం వేరు కదా. ఒక్కటి మాత్రం చెయ్యకు, "గాబ్లిన్ అంటే ఇంతే" అని సొంత పార్టీ (తోటి పాత్రల జట్టు) సంచిలో చెయ్యి పెట్టకు, దాంతో ఆడే గుంపులే విరిగిపోవడం చూశాను. ఊరి గేటు దగ్గర కాపలావాళ్ళు నిన్ను చూస్తే ఏం చేస్తారో సెషన్ జీరోలోనే (ఆట మొదలెట్టక ముందు కూర్చునే రోజునే) మాటాడీసుకోండి, లేకపోతే ప్రతి ఊర్లో గంటసేపు అదే గొడవ, మిగతావోళ్ళకి విసుగొచ్చేస్తాది.

కోటజంక్షన్:
చాలా థాంక్స్ అందరికీ. డీఎంకి మెసేజ్ పెట్టాను, 2022 వెర్షన్ ఆడుకోమన్నాడు, రేంజర్ ఫిక్స్. రాణి యాస గురించి కూడా అడిగాను, "ట్రై చేస్తాను గానీ నువ్వే నేర్పాలి" అన్నాడు, శనివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్తున్నాను.