కొత్త వైఫై యాక్సెస్ పాయింట్లకు పాత స్విచ్ పవర్ సరిపోతుందా?

హాస్టల్_నెట్: మా కాలేజీ హాస్టల్‌లో 22 పాత యాక్సెస్ పాయింట్లు (ఏపీలు, వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) తీసేసి వైఫై 6ఈవి పెడుతున్నాం. డేటాషీట్‌లో ఒక్కోటి 25.5 వాట్ల దాకా లాగుతుందని ఉంది. ఉన్నది 24 పోర్టుల పీవోఈ ప్లస్ స్విచ్ (నెట్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపేది). పోర్టుకి 30 వాట్లు వస్తాయి, చాలు అంటున్నాడు సప్లయర్. నాకెందుకో నమ్మకం కుదరడం లేదు.

రాక్‌రూమ్: పోర్టుకి 30 ఇవ్వడం వేరు, అన్ని పోర్టులకీ ఒకేసారి ఇవ్వడం వేరు అన్నా. డేటాషీట్‌లో "పీవోఈ బడ్జెట్" అన్న లైను చూడండి, అన్ని పోర్టులకీ కలిపి ఇచ్చే మొత్తం పవర్ అదే.

హాస్టల్_నెట్: 370 వాట్లు అని ఉంది.

రాక్‌రూమ్: అయిపోయింది. పోర్టుకి 30 చొప్పున పక్కన పెడితే పన్నెండింటికే సరి.

కేబుల్_బాబాయ్: నిజానికి ఏపీలు ఎప్పుడూ అంత తినవు. మా దగ్గర పగలు ఒక్కోటి 13, 14 దాటేది కాదు. అందుకే స్విచ్‌ని వాడకాన్ని బట్టి పవర్ ఇచ్చే మోడ్‌లో పెట్టి, అన్నీ ఒకదానికే తగిలించాం. వారం బానే నడిచింది. ఒక రాత్రి పిల్లలంతా మ్యాచ్ పెట్టుకున్నారు, బడ్జెట్ దాటింది. అన్ని పోర్టులకీ ఒకే ప్రయారిటీ ఉంటే మా స్విచ్ పెద్ద నంబరు పోర్టునే ముందు కోస్తుంది. అది వార్డెన్ గది ముందున్న ఏపీ! ఇంక చూడండి నా టెన్షన్.

తీగలు: వైర్లు కూడా చూసుకోండి. 30లో మిగతా 4.5 వాట్లు వంద మీటర్ల కేబుల్‌లో పోవచ్చనే ఏపీ దగ్గర 25.5 లెక్క వేశారు. అదీ అసలు రాగి అయితేనే. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చవగ్గా దొరుకుతుంది, పీవోఈకి మాత్రం వద్దు.

రాక్‌రూమ్: ఇంకోటి. 15.4 వాట్ల పాత పోర్టుకి పెట్టినా కొన్ని ఏపీలు వెలుగుతాయి, కానీ లోపల ఒక రేడియోనో యూఎస్‌బీనో ఆపేసుకుంటాయి. లైటు చూసి మోసపోకండి, లాగ్ చూడండి.

హాస్టల్_నెట్: అయితే 2018లో వచ్చిన, ఇంకా ఎక్కువ పవర్ ఇచ్చే పీవోఈ బీటీ స్టాండర్డ్ స్విచ్ కొనాలా? పోర్టుకి 60, 90 అంటున్నారు.

కేబుల్_బాబాయ్: మీ ఏపీకి 25.5 చాలు కదా, 90 ఏం చేసుకుంటారు? అలాంటి 370ది ఇంకోటి తెచ్చి పదకొండేసి పంచండి. ఒక్కో స్విచ్‌కి 330 అవుతుంది. ఒకే అంతస్తువన్నీ ఒకే స్విచ్‌కి మాత్రం ఇవ్వకండి, ఒకటి విడిచి ఒకటి ఇవ్వండి. యూపీఎస్ ఎంతది?

హాస్టల్_నెట్: 600 వీఏ...

కేబుల్_బాబాయ్: రెండు స్విచ్‌ల లోడుకి చాలదు, అది ముందు మార్చండి.