కౌన్సెలింగ్ సెషన్‌కి రాసుకుని వెళ్లాలా, ఉత్త చేతులతో వెళ్లాలా?

చింతచిగురు: ముందే చీటీ రాసుకోవాలనే నా వాదన. సెషన్ ఉండేదే 45–50 నిమిషాలు. వారమంతా జరిగింది వరసగా చెప్పుకొస్తే సగం దానికే సరి. అసలు సంగతి చెప్పులేసుకునేటప్పుడు బయటికొస్తుంది. ముందురోజే మూడు ముక్కలు రాసుకోండి: బాగా కలతపెట్టిన ఒక్క సంఘటన, కౌన్సెలర్ ఇచ్చిన హోంవర్క్ ఎక్కడ ఆగింది, ఇవాళ తేలాల్సిందేమిటి. కూర్చోగానే చదివేయండి.

గోదారిగట్టు: ఒప్పుకోనండీ. చీటీకెక్కేది మనం చెప్పడానికి సిద్ధపడ్డదే, సిగ్గుపడేది ఎక్కదు. మనసు అడుగున దాగినవాటిని వెతికే సైకోడైనమిక్ పద్ధతిలో తోచింది తోచినట్టు చెప్పడమే పని. మధ్యలో వచ్చే మౌనం కూడా పనికొస్తుంది. చీటీ చూసి చెప్తే పాఠం అప్పజెప్పినట్టే.

మూడోగంట: మీ ఇద్దరూ చెప్పేది వేర్వేరు పద్ధతుల గురించి. చిగురు గారిది అమెరికన్ సైకియాట్రిస్టు ఆరన్ బెక్ 1960లలో రూపుదిద్దిన సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చుకునే చికిత్స) దారి. అందులో అజెండా, అంటే ఇవాళ ఏం మాట్లాడాలో మొదట్లోనే అనుకోవడం, భాగమే. ఏ పద్ధతో మొదటి సెషన్‌లోనే అడిగేయాలి.

సీబీటీలో నా మటుకు చీటీ కన్నా మధ్య రోజుల్లో నింపే ఆలోచనల పట్టికే ముఖ్యం. సంఘటన, అప్పుడు తట్టిన ఆలోచన, భావం, ఆ ఆలోచనకు రుజువులు: ఒక్కోదానికి ఒక్కో గడి. అది చెడేది రెండు చోట్ల. వారం మొత్తాన్నీ ముందురాత్రి కూర్చుని నింపుతారు. అప్పటికి ఆ క్షణాన తట్టిన మాట పోయి, తర్వాత మనకు మనం చెప్పుకున్న సంజాయిషీ మిగులుతుంది. అరగంటలోపు ఫోన్‌లో ఒక్క వాక్యం రాసుకున్నా చాలు. రెండోది మన తెలుగు తెచ్చే చిక్కు: ‘అనిపించింది’. ‘వాళ్లు నన్ను లెక్కచేయట్లేదనిపించింది’ అని భావం గడిలో రాస్తారు. అది ఆలోచన. భావం ఒక్క మాటలో రావాలి: భయం, కోపం, సిగ్గు, దిగులు. పక్కన 0 నుంచి 100లో ఎంతో వేయాలి. ‘టెన్షన్’ అని రాస్తే అన్నీ అందులోనే కలిసిపోతాయి. ఇక్కడ గడి తప్పితే తర్వాతి రుజువుల గడులు వృథా. కోపానికి రుజువులేం వెతుకుతాం?

గోదారిగట్టు: పట్టిక సంగతి సరే. నింపనివాళ్లు మొహం చెల్లక సెషనే మానేస్తున్నారు కదా?

చింతచిగురు: ఖాళీ పట్టికే తీసుకెళ్లాలండీ. బద్ధకమా, ఇంట్లో చూస్తారన్న భయమా, అర్థంకాకపోవడమా? మూడింటికీ మందు వేరు. భయమైతే పేర్లకు బదులు పొడి అక్షరాలు రాయొచ్చు. అర్థంకాకపోతే చివరి 5 నిమిషాల్లో అక్కడే ఒక వరస నింపించుకుని రావాలి.

గోదారిగట్టు: మరి ‘పోయినసారి మీరన్న మాట నాకు నచ్చలేదు’ అన్నది మీ చీటీలో ఎన్నోది?

చింతచిగురు: మొదటిది. చివర్లో చెప్తే దాని గురించి మాట్లాడుకోడానికి టైముండదు.