ఏసీ టెక్నీషియన్ కోర్సుకు పెట్టిన డబ్బు ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది?

చర్చ మొదలుపెట్టినవారు:

మా తమ్ముడు హెచ్‌వీఏసీ, అంటే ఏసీ, హీటింగ్, వెంటిలేషన్ పనుల్లో స్థిరపడాలనుకుంటున్నాడు. పది నెలల పూర్తికాలపు కోర్సులో చేరడం ఒక దారి. అనుభవమున్న మెకానిక్ దగ్గర హెల్పర్‌గా కుదిరి, జీతం తీసుకుంటూనే పని నేర్చుకోవడం రెండో దారి. కోర్సు ఫీజు హెల్పర్‌కు వచ్చే ఆరు నెలల జీతంతో సమానంగా ఉంది. అంత పెట్టడం గిట్టుబాటవుతుందా? ఈ పనిలో ఉన్నవారు లెక్క వేసి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సర్వీసు పనిలో ఉన్న టెక్నీషియన్:

ఫీజు ఒక్కటే ఖర్చు అనుకోవడం దగ్గరే చాలామంది లెక్క తప్పుతోంది. పది నెలలు చదువుకునే మనిషి ఆ పది నెలల జీతాన్ని కూడా వదులుకుంటున్నాడు కాబట్టి, అసలు ఖర్చు ఆరు నెలల జీతం కాదు, పదహారు నెలల జీతం. కోర్సు చేసినవారికి హెల్పర్ మొదటి జీతానికి ఒకటిన్నర రెట్లు ఇస్తారనుకుందాం. అప్పుడు నెలకు అర జీతం చొప్పున మిగిలి, 32 నెలల్లో పెట్టుబడి తిరిగి వస్తుందనిపిస్తుంది. అయితే హెల్పర్ కూడా ఆ పది నెలలూ ఊరికే ఉండడు. అతని జీతం ఐదో వంతు పెరిగిందనుకుంటే తేడా హెల్పర్ మొదటి జీతంలో 0.3 వంతుకు పడిపోతుంది, పెట్టుబడి తిరిగి రావడానికి 53 నెలలు పడుతుంది. అదే కోర్సును పనిచేసుకుంటూ సాయంకాలం తరగతుల్లో చదివితే వదులుకునే జీతమేమీ ఉండదు. ఆరు నెలల జీతాన్ని 0.3తో భాగిస్తే 20 నెలలు వస్తుంది. ఫీజు అదే, సిలబస్ అదే. మారినదల్లా చదివే వేళ మాత్రమే.

ఇవి నేను ఉదాహరణకు తీసుకున్న అంకెలు. మీకు తెలిసిన జీతాలు వేసుకుని మళ్లీ చూసుకోండి. మానిఫోల్డ్ గేజ్‌లు, క్లాంప్ మీటర్, వాక్యూమ్ పంపు వంటి పనిముట్లు ఎవరు కొనాలో కూడా ముందే అడగండి, ఎందుకంటే కొన్ని చోట్ల ఆ భారం పనిలో చేరినవారి మీదే పడుతుంది. నేను హెల్పర్‌గా మొదలై వచ్చినవాణ్నే, నా ఓటు ఆ దారికే.

శిక్షణ ఇస్తున్నవారు:

లెక్క సరిగానే ఉంది, కానీ అందులో రెండు జీతాల మధ్య తేడా ఎప్పటికీ 0.3 దగ్గరే నిలిచిపోయింది. నా అనుభవంలో ఆ తేడా మూడో ఏడాది నుంచి పెరుగుతుంది. ఇందుకు కారణం సర్టిఫికెట్ కాదు, లోపం కనిపెట్టే నేర్పు.

ఒక చిన్న సంగతి చెబుతాను. బయటి యూనిట్ మూలుగుతోంది కానీ కంప్రెసర్ తిరగడం లేదు. నాతో వచ్చిన కుర్రవాడు, ఐదేళ్లుగా ఈ పనిలో ఉన్నవాడు, కంప్రెసర్ పోయిందని ఇంటివారికి చెప్పేశాడు. విద్యుత్ ఆపించి, కంప్రెసర్ మోటారు తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్‌ను డిశ్చార్జి చేసి మీటర్ పెట్టి చూస్తే, 45 మైక్రోఫారడ్లు ఉండవలసిన చోట 28 చూపించింది. దాన్ని మార్చగానే యంత్రం నడిచింది. ఆ కుర్రవాడు తెలివితక్కువవాడు కాడు. అతనికి పని నేర్పినవారు మీటర్‌తో కొలవడం నేర్పలేదు, అంతే.

గ్యాస్ విషయంలో నష్టం ఇంకా పెద్దది. ఏసీల్లో చల్లదనం కోసం నింపే, ఓజోన్ పొరను దెబ్బతీసే ఆర్-22 గ్యాస్‌ను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద తొలగిస్తూ రాగా, దాని స్థానంలో ఆర్-410ఎ వచ్చింది. భూతాపం పెంచే శక్తిలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే రెండు వేల రెట్లకు పైనే కాబట్టి, 2016లో కిగాలీలో కుదిరిన సవరణ తర్వాత దాన్నీ తగ్గిస్తున్నారు. ఇప్పుడు విరివిగా వస్తున్న ఆర్-32లో ఆ అంకె 675, కానీ అది కొద్దిగా మండే గుణమున్న వాయువు. ఆర్-22 రోజుల్లో పైపులోని గాలిని గ్యాస్‌తోనే బయటికి ఊదేసేవారు చాలామంది ఉండేవారు. ఆ అలవాటునే పెద్దమెకానిక్ హెల్పర్‌కు అప్పగిస్తే, ఇప్పటి యంత్రాల్లోని ఆయిల్ తేమను త్వరగా పీల్చుకుంటుంది గనుక కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుంది. పైగా మండే వాయువును మనుషులున్న చోట వదిలినట్టవుతుంది. పంపుతో పైపులోని గాలిని, తేమను లాగేసి, 500 మైక్రాన్ల (లోపల మిగిలిన ఒత్తిడికి కొలత) లోపుకు వాక్యూమ్ దించి, వాల్వ్ మూసి, గేజ్ నిలబడుతోందా లేదా అని వేచి చూసే ఓపికను ఎవరో ఒకరు పట్టుబట్టి నేర్పాలి.

సర్వీసు పనిలో ఉన్న టెక్నీషియన్:

మీరు చెప్పినది ఒప్పుకుంటాను. పైపు లోపల నైట్రోజన్ పారించకుండా బ్రేజింగ్ చేయడం, అంటే కరిగిన లోహంతో పైపులను అతికించడం, నేనూ అలాగే నేర్చుకున్నాను. లోపల ఏర్పడిన నల్లటి పొలుసు కొన్ని నెలలకు కాపిలరీ అనే సన్నటి గొట్టంలో అడ్డుపడితే, తిరిగి వెళ్లి ఉచితంగా చేసివచ్చిన రోజులున్నాయి. ఆ పోయిన రోజులను నా లెక్కలో కలపలేదు.

కానీ కోర్సులన్నీ మీరు చెప్పినట్టు నేర్పడం లేదు కదా. ఇరవై మందికి ఒక్క యంత్రం ఉండి, పాఠమంతా బల్లల మీదే సాగితే, పది నెలల తర్వాత కూడా ఆ విద్యార్థి పనిలో హెల్పరే అవుతాడు. అప్పుడు జీతంలో తేడా సున్నా, ఖర్చు మాత్రం పదహారు నెలలది. నా వ్యతిరేకత ఆ కోర్సుల మీదే.

చర్చ మొదలుపెట్టినవారు:

అయితే పగలు హెల్పర్‌గా చేస్తూ, సాయంకాలం కోర్సు చదవడం మావాడికి నప్పేలా ఉంది. అందులో ఇబ్బందులేమైనా ఉన్నాయా?

శిక్షణ ఇస్తున్నవారు:

ఉన్నాయి. సాయంకాలం బ్యాచ్‌లలో మొదట కోత పడేది వర్క్‌షాప్ గంటలకే. ఎండాకాలపు రద్దీలో పని నుంచి ఆలస్యంగా వచ్చినవారికి తప్పిపోయేవీ ఆ గంటలే. డబ్బు కట్టే ముందు వర్క్‌షాప్ చూపించమని అడగండి, ఒక్కో యంత్రం దగ్గర ఎంతమంది నిలబడుతున్నారో మీ తమ్ముణ్నే లెక్కపెట్టమనండి. గ్యాస్ రికవరీ (యంత్రంలోని గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి తీసుకోవడం), వాక్యూమ్, బ్రేజింగ్, వైరింగ్ లోపాలు వెతకడం స్వయంగా ఎన్ని గంటలు చేయిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. ఏడాది క్రితం అక్కడ చదివి వెళ్లినవారిలో ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, ఇప్పుడు మీటర్ వారి చేతిలో ఉందో, లేక ఇంకా సిలిండర్ మోస్తున్నారో అడగండి. ఆ కాగితం ఇవ్వడానికి వెనకాడే చోట ఫీజు కట్టవద్దు.