రెండేళ్ళ పిల్లతో ఫామ్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

చిన్నితల్లి_అమ్మ: వచ్చే ఆదివారం మొయినాబాద్ వైపు పిల్లల ఫామ్‌కి వెళ్దామనుకుంటున్నాం. పాపకి రెండేళ్ళు, బాబుకి మూడున్నర. అత్తయ్యగారూ వస్తున్నారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. స్ట్రాలర్ పనికొస్తుందా? ఎన్నింటికి వెళ్తే మంచిది? మేకలకి పిల్లల చేత తినిపించొచ్చా?

శంకర్‌పల్లి_నాన్న: 9 గంటలకల్లా అక్కడ ఉండండి. మేం పదకొండున్నరకి చేరాం, ఎండకి కుందేళ్ళన్నీ గూట్లో మూలకి నక్కేశాయి. టికెట్ మనిషికి 600, రెండేళ్ళవాడికి కూడా తీసుకున్నారు! ఎన్నేళ్ళ నుంచి టికెట్టో ముందే ఫోన్ చేసి అడగండి. నాకింకా కడుపు మండుతూనే ఉంది.

గోదారిపిల్ల: మావాడు ఆకుకూర చూస్తే మూతి తిప్పేవాడు. మేకకి అవిశాకు పెడుతూ, అది నములుతుంటే తనూ ఓ ఆకు నోట్లో వేసుకున్నాడు. అప్పట్నించీ తోటకూర పప్పు తింటున్నాడు! ఆవు పాలు పితికి అక్కడికక్కడే గుమ్మపాలు గ్లాసులో పోసిచ్చారు, నురగతో. మీరూ తప్పకుండా తాగించండి.

రెండేళ్ళ_కవలలు: అక్కా, దయచేసి అలా చెప్పకండి. అలాగే తాగించాం. కవలల్లో పెద్దదానికి మూడు రోజులు విరేచనాలు, సెలైన్ ఎక్కించాల్సొచ్చింది.

గోదారిపిల్ల: మా తాతలంతా గుమ్మపాలు తాగే పెరిగారు. పాల వల్లేనని ఎలా తెలుసు? బయట ఐస్‌క్రీమ్ తినలేదా?

రెండేళ్ళ_కవలలు: ఐస్‌క్రీమ్ ఊసే లేదు. రాత్రంతా హాస్పిటల్లో కూర్చున్నది నేను, మీరు కాదు.

పశువుల_డాక్టర్: 20 ఏళ్ళుగా పశువుల ఆసుపత్రిలో చేస్తున్నాను, నన్ను చెప్పనివ్వండి. ఆవు ఆరోగ్యంగానే కనిపిస్తుంది, కానీ పేడలోని ఈ.కోలి అనే క్రిమి పొదుగుకి అంటుకుని పాలలోకి వస్తుంది. బ్రూసెల్లోసిస్ ఉన్న పశువు పచ్చిపాల వల్ల మనుషులకీ ఆ జబ్బు రావచ్చు. మరగకాస్తే రెండు క్రిములూ చస్తాయి. తాతలు తాగారంటున్నారు, ఆ రోజుల్లో ఎంతమంది పసివాళ్ళు పోయేవారో కూడా ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి.

గోదారిపిల్ల: మా ఇంటి సంగతి మీకెందుకు సార్? కాచే ఇస్తాను లెండి, మాట మాత్రం జాగ్రత్త.

పలమనేరు_బాబాయ్: పాల సంగతి అటుంచండి, పుంగనూరు ఆవు ఉందేమో అడగండి. మా చిత్తూరు వైపుది. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లే, పసివాళ్ళు బెదరరు. మా పలమనేరు పరిశోధన కేంద్రంలో చూడాలి వాటిని! కొన్నిచోట్ల మామూలు దూడని కట్టేసి పుంగనూరు అంటున్నారు, ఒళ్ళు మండుతుంది నాకు.

శంకర్‌పల్లి_నాన్న: అయితే మాకు చూపించింది దూడేనేమో. దానితో ఫొటోకి వేరే డబ్బులు కూడా కట్టాం.

పలమనేరు_బాబాయ్: కొమ్ములు ఉన్నాయా తమ్ముడూ? ఫొటో పెట్టు, చూసి చెప్తా.

చిన్నితల్లి_అమ్మ: పాలు కాచినవే ఇస్తాం. మేకల గురించి, స్ట్రాలర్ గురించి ఎవరూ చెప్పలేదండీ.

పశువుల_డాక్టర్: మేకకి పై దవడలో ముందు పళ్ళుండవు, తినిపించొచ్చు. అయినా పిల్లల అరచేయి చాపించి ఆకు అందులో పెట్టండి, వేళ్ళతో పట్టుకోనివ్వకండి. పోతుమేక ఉన్న దొడ్లోకి పంపొద్దు. తర్వాత చేతులు సబ్బుతోనే కడగాలి, మట్టి చేతులకి శానిటైజర్ చాలదు.

రెండేళ్ళ_కవలలు: స్ట్రాలర్ వద్దు. కంకర మీద చక్రం కదల్లేదు, ఇద్దర్నీ చంకనేసుకుని తిరిగాం. అత్తయ్యగారికి మడతకుర్చీ పెట్టుకెళ్ళండి. మా అమ్మ వేపచెట్టు కింద వేసుకుని కూర్చుంది. పిల్లలిద్దరూ బాతుల వెంట తిరిగి తిరిగి వచ్చి ఆవిడ ఒళ్ళోనే నిద్రపోయారు.